కాందిశీకులు

పోయిన సంవత్సరం భోగి రోజు మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. చేసింది నేనే. మంచాల కింద ఉన్న పాత సామాన్లన్నీ తీసి బయట పెట్టమని అమ్మ నాకు పని చెప్పింది. మా నాయనమ్మ మంచం కింద ఒక రేకు డబ్బా ఉంది. మూత తీసి చూశాను. అడుగున పురుగు పట్టిన బియ్యం, ఒక బెల్లం ముక్క, రెండు అగ్గిపెట్టెలు, ప్లాస్టిక్ కవరులో మడతలు పడిన ఒక కార్డు ఉన్నాయి. కార్డు తీసి అలమరలో పెట్టాను. బియ్యం చెత్తలో పోశాను. డబ్బా తుప్పు పట్టింది కదా అని పాత సామాన్ల బండివాడికి ఇచ్చేశాను. నాయనమ్మ స్నానం చేసి వచ్చి మంచం కింద చెయ్యి పెట్టి చూసుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ పండగ మూడు రోజులూ సరిగా అన్నం తినలేదు.

"బియ్యం మూట వంటింట్లో ఉంది కదా నాయనమ్మా, ఆ పురుగుల బియ్యం ఎందుకు?" అని అడిగాను. "నీకు తెల్దే గుంటా" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు.

తర్వాత మా సోషల్ టీచర్ పాఠశాల పత్రిక కోసం ఎవరి వీధి చరిత్ర వాళ్ళు రాసుకురమ్మన్నారు. ఉత్తర చెన్నైలో మా వీధిని అందరూ బర్మా కాలనీ అంటారు. కార్పొరేషన్ బోర్డు మీద వేరే పేరుంది కానీ ఆటోవాళ్ళకు ఆ పేరు చెబితే తెలీదు. కొందరు తమిళం వాళ్ళు, కొందరు తెలుగువాళ్ళు, అందరూ బర్మా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ. అందుకని నాకు ఈ చరిత్ర రాయడం తేలిక అనుకున్నాను. రాయడం మొదలుపెట్టాక తేలిక కాదని తెలిసింది.

మొదట ఒక మాట గురించి చెప్పాలి. పాత తెలుగు పత్రికల్లో మా వాళ్ళని "బర్మా కాందిశీకులు" అని రాసేవారట. కాందిశీకులు అంటే ఏమిటని మా తెలుగు మాస్టారిని అడిగాను. సంస్కృతంలో "కాం దిశం" అంటే "ఏ దిక్కుకు" అని అర్థమట. ఏ దిక్కుకు పోవాలి, ఏ దిక్కుకు పోవాలి అనుకుంటూ భయంతో పరుగెత్తేవాడే కాందిశీకుడు. నాకు ఆ రోజు నుంచి ఆ మాట మీద ఇష్టం వచ్చింది. ఎందుకంటే ప్రభుత్వం కార్డు మీద తమిళంలో "తాయగం తిరుంబియోర్" అంటారు, అంటే సొంత దేశానికి తిరిగి వచ్చినవాళ్ళు. నాయనమ్మకి ఆ మాట చదివి వినిపిస్తే నవ్వింది. "తిరిగి రావడమేటి? నాను పుట్టిందే రంగంలో. నాకు ఇదే కొత్త ఊరు" అంది. రంగం అంటే రంగూన్. మన తెలుగువాళ్ళు ఆ ఊరిని అలాగే పిలిచేవాళ్ళు.

మరి తెలుగువాళ్ళు రంగం ఎందుకు వెళ్ళారు? ఆంగ్లేయులు మూడు యుద్ధాలు చేసి, 1824లో మొదలుపెట్టి 1885కల్లా బర్మా మొత్తం ఆక్రమించారు. దాన్ని భారతదేశంలో ఒక రాష్ట్రంలాగా కలిపేశారు. 1937 ఏప్రిల్ వరకు బర్మా మన దేశంతో కలిసే ఉండేది. కాబట్టి అక్కడికి వెళ్ళేవాడు పరాయి దేశం వెళ్తున్నాననుకోలేదు. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి పండించారు. ఆ బియ్యాన్ని మిల్లుల్లో ఆడించాలి, మూటలు మోయాలి, ఓడలకు ఎత్తాలి. దానికి మనుషులు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో పంటలు పోయినప్పుడు పనిలేని మనుషులు ఉన్నారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగానికి నడిచేవి. డెక్ మీద కూచుని కొన్ని రోజులు పోతే రంగం వస్తుంది.

బర్మా వాళ్ళు మన తెలుగువాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవాళ్ళు. గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం పక్కన, కోరంగి అనే రేవు ఉంది. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవాళ్ళు. 1839 తుఫానులో ఆ ఊరు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. ఊరు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి రంగంలో నిలబడింది. శ్రీకాకుళం వైపు నుంచి పోయిన మా వాళ్ళు కోరంగి ఎప్పుడూ చూసి ఉండరు. అయినా కోరంగీలే. భారతీయులందరికీ కలిపి ఇంకో పేరు "కలా". మొదట్లో అది మామూలు మాటేనట, పోను పోను తిట్టు అయింది.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటి ఉన్నారు. రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. తెలుగు మాట్లాడేవాళ్ళు బర్మా మొత్తంలో లక్షన్నర పైచిలుకు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని తీసుకుపోతాడు. అక్కడ కూలి డబ్బు కంపెనీ నుంచి పెద్ద మేస్త్రీకి, అతని నుంచి చిన్న మేస్త్రీకి, చివరికి కూలివాడికి వస్తుంది. ప్రతి చేతిలోనూ కొంచెం తగ్గుతుంది. అడ్వాన్సు మాత్రం తగ్గదు. ఒక గదిలో పట్టేవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఉండేవాళ్ళు. మా ముత్తాత, అంటే నాయనమ్మ వాళ్ళ నాన్న, తన అన్నతో కలిసి ఇలాగే వెళ్ళాడు. ఇద్దరూ రేవులో మూటలు మోసేవాళ్ళు.

1930 మే నెలలో జరిగింది మా పుస్తకాల్లో లేదు. రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎత్తించే కంపెనీలు సమ్మెను విరగ్గొట్టడానికి బర్మా వాళ్ళని పనిలోకి తెచ్చాయి. కొన్ని రోజులకి కూలీలతో రాజీ కుదిరింది. అప్పుడు బర్మా వాళ్ళని ఇక పొమ్మన్నారు. పని దొరికిందని సంబరపడి పెళ్ళాం పిల్లలు అన్నం క్యారియర్ తెస్తే, పని లేదు పొమ్మంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? మే 26న గొడవ మొదలైంది. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. బీదవాడు బీదవాడిని చంపాడు. రెండు వైపులా ఆశ పెట్టిన కంపెనీల వాళ్ళకి ఒక్క దెబ్బ తగల్లేదు. వలస వెళ్ళినవాళ్ళ మీద స్థానికులకి కోపం ఎలా పుడుతుందో అర్థం కావాలంటే ఈ ఒక్క నెల చదివితే చాలనిపించింది నాకు. ఆ తర్వాత 1938లో కూడా పెద్ద గొడవలు జరిగాయి.

ఇక 1942. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు వేశాయి. పగటిపూట, జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తూ ఉండగా. రెండు రోజుల తర్వాత క్రిస్మస్ నాడు మళ్ళీ వేశాయి. రేవు కూలీలు పని వదిలి పారిపోవడం మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్ళకి, తెల్లవాళ్ళకి ఓడలూ విమానాలూ దొరికాయి. మిగిలినవాళ్ళు నడిచారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా నుంచి ఇండియాకి బయలుదేరారని చరిత్రకారులు చెబుతారు. ఎక్కువమంది నడకే. ఎంతమంది దారిలో చనిపోయారో లెక్క లేదు. పదివేలని కొందరు, లక్ష దాకా ఉంటుందని కొందరు రాశారు. పదివేలకీ లక్షకీ మధ్య ఎంత తేడా! ఆ తేడా అంతా మనుషులే కదా. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో దీని గురించి రాస్తూ "మరచిపోయిన సుదీర్ఘ నడక" అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

మూడు దారులు ఉండేవి. ఒకటి ప్రోమ్ ఊరి నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్ అనే చోట సముద్రం చేరి, అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్, ఆపైన చిట్టగాంగ్. రెండోది టాము మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్‌కి. మూడోది ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లేడోకి. ఈ మూడోది వానల్లో బురదా జలగలతో అన్నిటికన్నా భయంకరం. మణిపూర్ వైపు దారిలో తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి అని వేరు చేశారని అప్పట్లోనే పెద్ద అల్లరి జరిగింది. మంచి దారి, మంచి గుడారాలు ఒకరికి, కొండలూ ఎండా ఇంకొకరికి. గాంధీగారు, నెహ్రూగారు దీన్ని గట్టిగా విమర్శించారు. పారిపోయేటప్పుడు కూడా వరస ఉంటుందని నాకు ఇంతకు ముందు తెలీదు.

మా ముత్తాత, ఆయన అన్న టాంగప్ దారిలో నడిచారు. వందమైళ్ళకు పైగా కొండదారి. నీళ్ళు తక్కువ, కలరా ఎక్కువ. ముత్తాత ఒక్కడే ఇంటికి చేరాడు. అన్న ప్రోమ్‌లోనే జ్వరం వచ్చి చనిపోయాడనీ, తానే దహనం చేసి వచ్చాననీ ఊళ్ళో చెప్పాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇదే. ఈ వ్యాసం మొదటిసారి రాసినప్పుడు నేను కూడా ఇలాగే రాశాను.

యుద్ధం అయిపోయాక ముత్తాత మళ్ళీ రంగం వెళ్ళాడు. అంత కష్టపడి వచ్చినవాడు మళ్ళీ ఎందుకు వెళ్ళాడని నేను నాన్నని అడిగితే, "ఇక్కడ ఏముందని ఉంటాడు?" అన్నాడు. అలా వేలమంది వెళ్ళారు. ముత్తాత ఈసారి కూలీగా కాకుండా చిన్న సరుకుల కొట్టు పెట్టాడు. నాయనమ్మ అక్కడే పుట్టింది. బర్మా 1948 జనవరి 4న స్వతంత్రమైంది. చాలామంది భారతీయులు ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు, కొందరికి దరఖాస్తు పెట్టినా రాలేదు. విదేశీయులని కార్డు రాయించుకుని ఏటా రుసుము కట్టుకుంటూ బతికారు. పుట్టిన ఊళ్ళోనే విదేశీయులు!

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైన్యంతో అధికారం లాక్కున్నాడు. 1964లో ప్రైవేటు కొట్లన్నీ ప్రభుత్వం తీసుకుంది. మే నెలలో 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించారు. (చాట్ అంటే అక్కడి రూపాయి.) ఒక రోజు పొద్దున ఇద్దరు సిపాయిలు వచ్చి కొట్టు తాళాలు అడిగి తీసుకున్నారని నాయనమ్మ చెబుతుంది. "కొట్టు కాదు, లోపల మా అమ్మ ఎండబెట్టిన ఒడియాలున్నాయి. అవైనా ఇమ్మంటే ఇవ్వలేదు" అంటుంది. ఆ కొట్టుకి మాకు ఇంతవరకు పైసా పరిహారం రాలేదు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. మద్రాసుకి, విశాఖపట్నానికి, కలకత్తాకి ఓడలు వచ్చాయి. కొన్ని సంవత్సరాల్లో లక్షన్నరకు పైగా మనుషులు అలా వచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేట ఉంది. తమిళనాడులో చాలా ఊళ్ళలో బర్మా కాలనీలు ఉన్నాయి.

నాయనమ్మ వాళ్ళు 1965లో వచ్చారు, అప్పుడు ఆమెకి 12 ఏళ్ళు. డబ్బు, బంగారం తేవడానికి వీల్లేదు, కొంచెం మాత్రమే ఒప్పుకునేవాళ్ళు. రేవులో ఒక ఆడమనిషి నాయనమ్మ వాళ్ళ అమ్మ జడ విప్పించి కూడా వెతికిందట. ఓడ ఎక్కేటప్పుడు వాళ్ళ చేతిలో ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక రేకు డబ్బాలో బియ్యం, బెల్లం, అగ్గిపెట్టె.

అవును, ఆ డబ్బానే.

మద్రాసు హార్బరులో దిగాక ఏం జరిగిందో నాయనమ్మకి బాగా గుర్తుంది. బల్ల వెనక ఒక గుమాస్తా కూచుని తమిళంలో అడిగాడు. పేరు, వయసు, ఎంతమంది, ఏం తెచ్చారు, ఏం పని తెలుసు. ముత్తాతకి తెలుగు, బర్మా భాష, కొంచెం హిందీ వచ్చు. తమిళం రాదు. వెనక నిలబడిన తమిళాయన ఒకడు తోచినట్టు జవాబులు చెప్పాడు. కార్డులో మా ఇంటిపేరు తప్పు పడింది. ఇప్పటికీ నా మార్కుల కార్డు మీద ఆ తప్పు పేరే ఉంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను రాయడం లేదు. అలా రాస్తే అబద్ధం. క్యాంపులో ఉండనిచ్చారు, భత్యం ఇచ్చారు, చిన్న వ్యాపారానికి అప్పు, ఇంటికి స్థలం ఇచ్చారు. 1969లో బర్మా, శ్రీలంకల నుంచి తిరిగి వచ్చినవాళ్ళ కోసమే చెన్నైలో రెప్కో బ్యాంకు పెట్టారు. బీచ్ స్టేషన్ దగ్గర రోడ్డు పక్కన కొట్లు పెట్టుకున్నారు, అదే బర్మా బజార్. రాత్రిపూట ఆ పక్కన అత్తో అమ్ముతారు. అత్తో అంటే లావు సేమ్యాలో చింతపండు రసం, వేయించిన ఉల్లిపాయ, క్యాబేజీ, కారం వేసి చేత్తో కలిపేది. దాంతోపాటు అరటి దవ్వ వేసిన వేడి సూపు ఇస్తారు. మా వీధిలో దీపావళి వచ్చినా, క్రిస్మస్ వచ్చినా అత్తో తప్పదు. మాది ఏ ఊరి వంట అని అడిగితే నేను ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

కానీ ఆ బల్ల దగ్గర అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఎలా ఉన్నారు, దారిలో ఏం చూశారు అని ఎవరూ అడగలేదు. అడిగినా ఏ భాషలో అడుగుతారు? నాన్న చిన్నప్పుడు బడిలో పిల్లలు "ఏయ్ బర్మా" అని పిలిచేవాళ్ళట. దానికి కూడా ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. నాయనమ్మ నిద్రలో బర్మా భాషలో మాట్లాడుతుంది. ఉరుము ఉరిమితే లేచి కూచుని పిల్లల్ని లెక్కపెడుతుంది. ఇది ఆమె ఒక్కదాని అలవాటే అనుకున్నాను. తర్వాత మా వీధిలో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళ ఇళ్ళల్లో అడిగాను. రెండు ఇళ్ళల్లోనూ మంచం కింద బియ్యం డబ్బాలు ఉన్నాయి.

మా పాఠశాలకి నెలకోసారి కౌన్సెలింగ్ మేడం వస్తారు. పరీక్షల భయం గురించి మాట్లాడతారు. నేను ఈ డబ్బాల సంగతి చెప్పాను. ఆమె నాకు ఒక విషయం చెప్పారు. కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు పోల్ పాట్ పాలనలో లక్షల మంది చనిపోయారు. అక్కడి నుంచి తప్పించుకుని అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చేరిన ఆడవాళ్ళలో నూరుమందికి పైగా, తమకి కళ్ళు కనబడటం లేదని డాక్టర్ల దగ్గరికి వచ్చారు. పరీక్ష చేస్తే కళ్ళల్లో ఏ లోపమూ లేదు. కొందరు డాక్టర్లు అబద్ధం చెబుతున్నారనుకున్నారు. తర్వాత 1980ల్లో ఇద్దరు పరిశోధకులు, వాళ్ళు ఏమేం చూసి వచ్చారో అడిగారు. కళ్ళ ముందు తమ వాళ్ళని చంపగా చూసినవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఆ సంవత్సరాల్లోనే బోస్టన్‌లో రిచర్డ్ మోలికా అనే డాక్టరు, మరికొందరు కలిసి ఇండోచైనా శరణార్థుల కోసం ఒక మానసిక చికిత్సాలయం పెట్టారు. వాళ్ళ భాష తెలిసినవాళ్ళు పక్కన లేకుండా వైద్యం కుదరదని అక్కడ తెలుసుకున్నారు.

మేడం ఇంకోటి కూడా చెప్పారు, అది మన దగ్గరే జరిగింది. 1983 తర్వాత శ్రీలంక నుంచి తమిళులు రామేశ్వరం వైపు పడవల్లో వచ్చారు. వాళ్ళే 1984లో ఓఫర్ అనే సంస్థ పెట్టుకుని, శిబిరాల్లో ఉన్నవాళ్ళకే తోటివాళ్ళ మాట వినడంలో శిక్షణ ఇచ్చుకున్నారు. బయటినుంచి డాక్టరు వచ్చేదాకా ఆగలేదు. ఇది విన్నాక మా క్యాంపులో 1965లో తెలుగు వచ్చిన ఒక్క మనిషిని ఆ బల్ల దగ్గర కూచోబెట్టి ఉంటే అని అనిపించింది. దానికి పెద్ద ఖర్చేం కాదు. అప్పు ఇవ్వడం న్యాయం అయితే మాట వినడం కూడా న్యాయమే, దయ కాదు అని నా అభిప్రాయం. ఎవరైనా ఒప్పుకోకపోతే నాతో వాదించవచ్చు.

"మీ నాయనమ్మ తన బాధకి ఏ మాట వాడుతుంది?" అని మేడం అడిగారు. "బెంగ" అన్నాను. ఆమెకి తెలుగు రాదు. తమిళంలో ఎలా చెప్పాలి? "కవలై" అంటే దిగులు, అది కాదు. "ఏక్కం" కొంచెం దగ్గర, అయినా సరిపోదు. బెంగ పెట్టుకుంటే పిల్లలకి జ్వరం కూడా వస్తుంది కదా. మేడం తన పుస్తకంలో తమిళ అక్షరాల్లో "బెంగ" అనే రాసుకున్నారు. దానికి బదులు ఇంకో మాట పెట్టకపోవడం నాకు నచ్చింది.

నేను మాత్రం నాయనమ్మని అడగడంలో మళ్ళీ తప్పు చేశాను. నోటు పుస్తకం, పెన్ను తీసుకుని ఎదురుగా కూచుని ఒకటి, రెండు, మూడు అని ప్రశ్నలు అడిగాను. హార్బరులో గుమాస్తాలాగే. "ఏటి రాసుకుంటావు? నాకేం గుర్తు నేదు" అని అటు తిరిగి పడుకుంది. మేడంకి చెబితే, పుస్తకం మూసెయ్, ఆమె చేసే పనిలో సాయం చెయ్, ఆమె ఆపితే నువ్వూ ఆపు అన్నారు. ముందు నేను పాత సామాన్ల బజారుకి వెళ్ళి ఒక రేకు డబ్బా కొన్నాను. పాతది దొరకలేదు, ఇలాంటిదే ఇంకోటి. బియ్యం, బెల్లం, అగ్గిపెట్టె పెట్టి, కార్డు కూడా పెట్టి మంచం కింద ఉంచాను. నాయనమ్మ చూసింది. ఏమీ అనలేదు. అగ్గిపెట్టె ఒకటే ఉంది, రెండు ఉండాలి అని మాత్రం అంది.

ఆ ఆదివారం అత్తోకి ఉల్లిపాయలు తరుగుతుంటే తనంతట తనే మొదలుపెట్టింది. ఓడలో రెండో రాత్రి వాళ్ళ నాన్న ఆమెని డెక్ మీదకి తీసుకెళ్ళి ఒక విషయం చెప్పాడట. పెదనాన్న ప్రోమ్‌లో చనిపోలేదు. జ్వరం కాదు, కలరా. టాంగప్ దారిలో కొండ మీద పడిపోయాడు. ఒకరోజు మోశాడు. రెండో రోజు మొయ్యలేకపోయాడు. వెనక వచ్చేవాళ్ళు ఆగకు, ఆగితే నువ్వూ పోతావు అన్నారు. వెదురు పొద దగ్గర నీడలో కూచోబెట్టి, తన దగ్గర ఉన్న బియ్యం డబ్బా పక్కన పెట్టి నడిచి వచ్చేశాడు. అప్పటికి అన్న బతికే ఉన్నాడు. ఈ మాట 23 ఏళ్ళు ఎవరికీ చెప్పనివాడు 12 ఏళ్ళ కూతురికి చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆమె 60 ఏళ్ళు చెప్పలేదు. తాతయ్యకి కూడా.

నేను ఏం మాట్లాడాలో తెలీక ఉల్లిపాయలు తరిగాను. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే కాబట్టి ఫర్వాలేదు.

"మా నాన్న చెడ్డోడు కాదే" అంది చివర్లో. నేను కాదని చెప్పాను. ఇన్నాళ్ళూ ఆమె భయం అదే అని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన అన్నని వదిలేశాడని అంటారని. ఆ దారి అలా ఉండటానికి కారణం ఎవరు, ఓడలో చోటు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అని పుస్తకాల్లో చదివినవన్నీ ఆమెకి చెప్పాను. తెల్లవాళ్ళ దారి, నల్లవాళ్ళ దారి సంగతి కూడా. శ్రద్ధగా వింది. "అయితే ఇది పుస్తకాల్లో ఉందా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి కూడా నిద్రలో మాట్లాడింది. అన్నీ ఒక్కరోజులో పోవు కదా.

బర్మాలో ఇప్పటికీ తెలుగువాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా మౌల్మేన్ చుట్టుపక్కల. అక్కడ 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం ప్రకారం 1823కి ముందు నుంచి ఆ దేశంలో స్థిరపడిన జాతులవాళ్ళే అసలు పౌరులు. మిగతావాళ్ళకి తక్కువ హక్కులతో వేరే కార్డులు. అదే చట్టం వల్ల అరకాన్‌లోని రోహింగ్యాలకి ఏ పౌరసత్వమూ లేకుండా పోయింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. అప్పుడు నేను చాలా చిన్నదాన్ని. టీవీలో ఆ మనుషులు బురదలో నడవడం చూసి నాయనమ్మ టీవీ ఆపేయమని గొడవ చేసిందని అమ్మ చెప్పింది. అరకాన్ అంటే టాంగప్ దారి ఉన్న రాష్ట్రమే. చెన్నై పక్కన కేళంబాక్కంలో కూడా కొన్ని రోహింగ్యా కుటుంబాలు ఒక తుఫాను షెల్టరులో ఉంటున్నాయి. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో రకం ఏర్పాటు. మేము వేరు, వాళ్ళు వేరు, మేము ఈ దేశం వాళ్ళమే కదా అని నాన్న అంటాడు. కాగితం మీద అది నిజమే. నాయనమ్మ మాత్రం "వాళ్ళ డబ్బాలో బియ్యం ఉందో నేదో" అంది.

ఈ వ్యాసం మొత్తం నాయనమ్మకి చదివి వినిపించాను. అచ్చు వేయవచ్చా అని అడిగితే రెండు రోజులు ఆలోచించి వేయమంది. ఒకచోట దిద్దింది కూడా, నేను మర్రిచెట్టు అని రాస్తే వెదురు పొద అని మార్పించింది. పత్రిక వచ్చాక ఒక కాపీ టెక్కలి దగ్గర ఉన్న వాళ్ళ పెదనాన్న మనవలకి పంపాలని ఆమె కోరిక. వాళ్ళు ఇప్పటికీ ఆయన ప్రోమ్‌లో జ్వరంతో పోయాడనే అనుకుంటూ, ఏటా పెద్దలకి పెట్టుకుంటున్నారు. ఇప్పుడు ఇది చదివి ఏమంటారో, మనతో మాట్లాడతారో మానేస్తారో అని నాన్న భయపడుతున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు. కవరు మీద అడ్రసు మాత్రం నాయనమ్మ నా చేత అప్పుడే రాయించింది.